మూలిక పుట్టిన మన్ను

మన యిండ్లలో వైద్యుడు గడప త్రొక్కకముందే వైద్యము మొదలగును. బిడ్డకు జ్వరము తగిలినచో నేలవేము కషాయము, కామెర్లు సోకినచో నేల ఉసిరి ముద్ద, మధుమేహమునకు పొడపత్రి చూర్ణము, తలవెండ్రుకలకు గుంటగలగర తైలము, వేసవి తాపమునకు నన్నారి పానకము - ఇవన్నియు స్త్రీల చేతి మీదుగనే నడచును. ఏ యాకు దేనికి వాడుదురో, ఎంత మోతాదో, అనుపాన మేదో అమ్మమ్మలు మనకు నేర్పినారు. కాని ఈ కాలమున వీనికి తోడు మరియొక ప్రశ్న మన మడుగవలసి వచ్చినది: ఈ మూలిక ఏ నేలలో పుట్టినది? ఈ నెల మేము సోదరీమణులతో ముచ్చటింపదలచిన విషయ మిదియే.

దీనికి మహానందిని ఉదాహరణముగ తీసికొందము. పూర్వము కర్నూలు జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ మొదలు నంద్యాల జిల్లాలో చేరిన ఈ క్షేత్రము నల్లమల కొండల పడమటి పాదమున నున్నది. చుట్టును వానలేమి సీమ. ఇచట మాత్రము కొండయూట ఏడాది పొడవునను ఎండక కోనేటిలోనికి ఉబికి వచ్చి, అటనుండి కాలువలై వరిమళ్లకును అరటితోటలకును పారుచుండును. కోనేటి యడుగున పడిన నాణెము గట్టుపై నుండి కనబడునంతటి నిర్మలమైన జలము. వెనుక కొండలనిండ అడవి. ఆ కొండలలోని చెట్టుచేమలను గూర్చి ఎల్లిస్ అను శాస్త్రజ్ఞుడు వ్రాసిన గ్రంథమును భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ 1987 మొదలు సంపుటములుగ ప్రకటించినది. కరక, తాని, ఉసిరి, మారేడు, పొడపత్రి, తిప్పతీగ, సుగంధిపాల, మారెడు గడ్డ మొదలగునవి నల్లమలలో పుట్టునవే. తరతరములుగ చెంచువారు వీనిని ఏరి తెచ్చి సంతలకు చేర్చుచున్నారు. ఇట్టి చోటి మూలిక అనగానే మన మనస్సు "కొండ మూలిక, క్షేత్రములో కొన్నది, ఇందు దోషమేమి యుండును?" అని నిశ్చింత పడును. ఆ నిశ్చింతనే కొంచెము పరీక్షించి చూడవలెనని మా యుద్దేశము.

సీసము, కాడ్మియము, పాదరసము, ఆర్సెనికము అనునవి భారలోహములని శాస్త్రజ్ఞులు వాడుకగ చెప్పు జాబితాలో ముఖ్యమైనవి. మన పెద్దలు పాషాణమని భయపడునది ఆర్సెనిక సంబంధమైనదే. ఇవి మూల పదార్థములు గనుక ఆకువలె కుళ్లి నశింపవు. నేలలో ఒకసారి చేరినచో తరములు గడచినను అచటనే యుండును.

ఇవి మొక్కలోనికి ఎట్లు పోవును? మొక్కకు సున్నము, ఇనుము, జింకు కావలెను. వానిని లోనికి తీసికొనుటకు వేళ్లలో సన్నని ద్వారములు గలవు. సీసము సున్నము వేషమునను, కాడ్మియము జింకు వేషమునను ఆ ద్వారములను దాటిపోవును. వేరు ఆ మోసమును కనిపెట్టలేదు. లోనికి పోయిన సీసము చాలవరకు వేరులోనే చిక్కుకొనును. కాడ్మియమో, ఆకులవరకు సులభముగ నెక్కును. నేల గుణమును బట్టియు ఈ రాకపోకలు మారును. సున్నపుగడ్డలు కలసిన నల్లరేగడిలో సీసమును కాడ్మియమును మట్టిని అంటిపట్టుకొని యుండును. పులుపు గుణముగల నేలలో పట్టు సడలి వేరునకు అందును.

కొన్ని మొక్కలు ఈ లోహములను కోరి త్రాగునట్లు కనబడును. న్యూకాలెడోనియా ద్వీపమున ఒక చెట్టు కలదు. దాని పాలు నీలిపచ్చనై యుండును. ఎండబెట్టిన ఆ పాలలో నాలుగవ వంతు నికెలు లోహమేయని 1976లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అంత దూరము పోనేల? మన పోపులపెట్టెలోని ఆవగింజ మొలకెత్తిన మొక్కయే, చెడిన నేలనుండి సీసమును కాడ్మియమును పీల్చుటకు పనికివచ్చునని పరిశోధకులు నిరూపించిరి. నీటిపట్టున పెరుగు సాంబ్రాణిచెట్టు, బ్రాహ్మి యని పేరొందినది, తాను నిలిచిన నీటిలోని లోహములను తనలో చేర్చుకొను గుణము గలది. నేలను శుద్ధిచేయుటకు ఈ గుణము వరమే. ఆ యాకునే నూరి బిడ్డకు నాకించినచో మాత్రము అది శాపమగును.

ఇందులో మనము ముఖ్యముగ గుర్తింపవలసిన సంగతి ఒకటి గలదు. లోహము చేరినంతమాత్రమున మొక్క వాడిపోదు. ఆకు పచ్చగనే యుండును. వాసనయు రుచియు మారవు. కంటితో చూచి, ముక్కుతో వాసన చూచి మంచి మూలికను ఎన్నుకొను మన అనుభవము ఇచట పనికిరాదు. ఆకును చూచి తెలిసికొనలేనిదానిని ఆ యాకు పుట్టిన చోటును విచారించియే ఊహింపవలెను.

నేల చెడుటకు రెండు కారణములు గలవు. ఒకటి ప్రకృతి, రెండవది మనుష్యుడు.

ప్రకృతి సంగతి మొదట చెప్పెదము. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో కడప, కర్నూలు రాతిపొరలను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. ఈ రాతిపొరలలో అక్కడక్కడ లోహపు జాడలు గలవు. కడప జిల్లాలో నల్లమల అంచుననున్న జంగంరాజుపల్లె యొద్ద పూర్వులు సీసము త్రవ్విన గుంటలు గలవు. నంద్యాల జిల్లాలోని గని యను గ్రామమునకు ఆ పేరే సాక్షి. అచట పూర్వము రాగి త్రవ్వుచుండిరి. నల్లమలకు తూర్పున, నేటి పల్నాడు జిల్లాలోని అగ్నిగుండాల ప్రాంతమున బండలమొట్టు కొండయందు హిందూస్థాన్ జింక్ సంస్థ కొన్నియేండ్లు సీసపు గనిని నడపినది. ఇవి మహానంది కోవెల ప్రక్కనున్నవి కావు. కాని యివన్నియు కడప రాతిపొరల వంశమునకు చెందినవే. గనిలోని రాయి అరిగి మన్నైన చోట ఆ మన్నులో సీసమో రాగియో కొంత మిగులును. కావున అడవిలో ఒక గుట్టమీది మూలిక నిర్మలముగ నుండి, మరియొక గుట్టమీది మూలికలో లోహ మధికముగ నుండుట సంభవమే. అడవి యనుమాట మూలిక స్వచ్ఛతకు హామీ పత్రము కాదు.

మనుష్యుడు చేసినది ఇంతకంటె పెద్దది. మోటారు బండ్లకు వాడు పెట్రోలులో సీసము కలుపు వాడుక చాలకాలము నడచినది. మన దేశమున అది 2000 సంవత్సరమున ఆగినది. ప్రపంచములో చివరిగ అల్జీరియా దేశము 2021లో మానినది. ఆ పొగతో బాటల ప్రక్కన రాలిన సీసము వానకు కొట్టుకొనిపోక పైమట్టిలోనే నిలిచి యున్నది. నంద్యాలనుండి గాజులపల్లె మీదుగ నల్లమలను దాటి గిద్దలూరు పోవు బాటవంటి పాత బాటల ప్రక్కన ఉత్తరేణి, తుమ్మి, నేలవేము సమృద్ధిగ మొలచును. చేతికి సులభముగ అందునవియు అవియే.

పొలములలో చల్లు భాస్వరపు ఎరువులలో, అవి తయారైన రాతిని బట్టి, కొంత కాడ్మియము ఉండును. నేల ఉసిరి, గుంటగలగర పుట్టునది అట్టి పొలపు గట్లమీదను, పంటకాలువల తడిలోను, ఊరి మురుగు కాలువల యొడ్డునను గదా! పాత బ్యాటరీలను పగులగొట్టి సీసము కరగించు పెరడు, మోటార్లు బాగుచేయు కొట్టము, చెత్త తగులబెట్టు దిబ్బ, ఇవన్నియు చుట్టుపట్ల మట్టిని చెరచునవే. గోడలకు పూయు రంగులలో సీసమునకు మన ప్రభుత్వము కఠినమైన హద్దు విధించినది 2017లో మాత్రమే. అంతకు పూర్వపు రంగు పెచ్చులు రాలిన గోడ మొదట తులసి నాటుట మంచిది కాదు.

ఒక చోటి నేల ఎంతవరకు చెడగలదో తెలిసికొనుటకు హైదరాబాదు సమీపమున నున్న పటాన్‌చెరువు సాక్ష్యము చాలును. అచట కర్మాగారములు వెలసిన పిమ్మట వాని మురుగు నక్కవాగులో కలసి పొలములను పాడుచేసినదని 1990లో సుప్రీముకోర్టు వరకు వ్యాజ్యము పోయినది. హైదరాబాదు నందలి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అచటి మట్టిని పరీక్షించి, ఆర్సెనికము, క్రోమియము, సీసము మొదలగు లోహములు మితిమీరి యున్నవని 2001లో ప్రకటించిరి. అట్టి నేలలో తిప్పతీగ పెరిగినను అది పచ్చని తిప్పతీగయే. చూచువారికి భేదము తెలియదు.

ఈ జాగ్రత్త క్రొత్తదని సోదరీమణులు తలపవలదు. సుశ్రుత సంహితలో సూత్రస్థానమున మూలికలు సేకరింపదగిన భూమిని గూర్చి ఒక అధ్యాయమే కలదు. శ్మశానభూమి, పుట్టలున్న చోటు, గుంటలు రాళ్లు నిండిన చోటు మూలికలకు తగవని అందు చెప్పబడినది. చరకుడును మంచి నేలను వర్ణించిన పిమ్మటనే మందు మాట యెత్తెను. మొదట భూమి, తరువాత మూలిక యనునది ఆ పెద్దల క్రమము. మనము ఆకుల పేర్లను నిలుపుకొని భూమి మాటను మరచితిమి. ఆ పెద్దలు నేడుండినచో బ్యాటరీల పెరడును, మురుగు కాలువను, రాజమార్గపు అంచును శ్మశానము ప్రక్కన చేర్చి నిషేధించి యుందురని మా విశ్వాసము.

ఇక శరీరములో జరుగునది చెప్పెదము. మొక్క వేరు మోసపోయినట్లే మన దేహమును మోసపోవును. సీసమును సున్నమనుకొని ఎముకలలో దాచుకొనును. అచట అది అనేక సంవత్సరములు పడియుండును. స్త్రీ గర్భవతియైనపుడును, పాలిచ్చునపుడును, బిడ్డకొరకు ఎముకలనుండి సున్నము కరగి రక్తములోనికి వచ్చును. దానితో పాటు దాగియున్న సీసమును బయలుదేరి బిడ్డను చేరును. తల్లి చిన్ననాట మ్రింగిన సీసము ఆమె బిడ్డకు అప్పుగ సంక్రమించునన్నమాట. పెద్దలు మ్రింగిన సీసములో పదవ వంతు మాత్రము ఒంటబట్టునెడ, పసిబిడ్డలకు సగము వరకు ఒంటబట్టగలదు. రక్తహీనత గలవారికి ఇంకను ఎక్కువ పట్టును. మన రాష్ట్రమున సగము కంటె ఎక్కువమంది స్త్రీలకు రక్తహీనత యున్నదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్పుచున్నవి. కనుక ఈ విషయము ముఖ్యముగ మనదే.

సీసము కొద్దిగ చేరినపుడు బయటకు ఏ లక్షణమును కనబడదు. బిడ్డ చదువులో మందగించును, చిరాకు పడును. తల్లి వానిని మొద్దని కోపించును. ఎక్కువైనచో కడుపునొప్పి, మలబద్ధము, పాలిపోవుట కలుగును. ఇంతవరకు నిరపాయము అని చెప్పదగిన సీసపు మోతాదు తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ప్రపంచమున ప్రతి ముగ్గురు బిడ్డలలో ఒకరి రక్తమున సీసము మితిమించి యున్నదని 2020లో యునిసెఫ్ నివేదిక తెలిపినది. ఈ సీసమంతయు మూలికలనుండి వచ్చినది కాదు. దానికి దారులు పెక్కు గలవు. మన చేతిలో నున్న దారినైనను మనము మూయవలెను గదా!

ఇది వట్టి భయము కాదు. 2004లో అమెరికాలోని బోస్టను నగర దుకాణములలో అమ్ము దక్షిణాసియా ఆయుర్వేద ఔషధములను 70 తీసి పరీక్షింపగ 14 ఔషధములలో సీసమో, పాదరసమో, ఆర్సెనికమో తేలినది. 2011-12లో న్యూయార్కు నగరమున ఆరుగురు గర్భిణులు భారతదేశపు ఔషధములు వాడి సీసపు విషమునకు గురియైరని అచటి ఆరోగ్యశాఖవారు ప్రకటించిరి. వీనిలో భస్మముల రూపమున కావలెనని కలిపిన లోహము కొంత యుండవచ్చును. నేలనుండియు దుమ్మునుండియు తెలియక చేరినది కొంత యుండవచ్చును. భస్మముల చర్చ వేరు. తెలియక చేరినదానిని గూర్చియే మేమిపుడు చెప్పుచున్నాము.

బోస్టను పరీక్షల పిమ్మట మన ప్రభుత్వము ఎగుమతియగు మూలికా ఔషధములకు 2006 జనవరి మొదలు లోహపరీక్ష విధించినది. కిలో మూలికలో సీసము 10 మిల్లీగ్రాములు, ఆర్సెనికము 3, పాదరసము 1, కాడ్మియము 0.3 మిల్లీగ్రాములకు మించరాదని హద్దు. ఈ లెక్కను వంటింటి లెక్కగ మార్చి చూతము. హద్దు వరకు సీసమున్న చూర్ణమును దినమునకు 5 గ్రాములు తిన్నచో లోనికి పోవు సీసము 50 మైక్రోగ్రాములు. మైక్రోగ్రామనగా మిల్లీగ్రాములో వేయవ వంతు. గర్భము ధరింపదగు వయస్సులోని స్త్రీకి ఆహారము వలన దినమునకు 8.8 మైక్రోగ్రాములకును, బిడ్డలకు 2.2 మైక్రోగ్రాములకును మించరాదని అమెరికా ఆహార ఔషధ శాఖ 2022లో గుర్తు పెట్టినది. కనుక హద్దులోపలనున్న చూర్ణమైనను నెలల తరబడి తినుటకు తగినదని చెప్పలేము. మన మెచటనో కోసి తెచ్చుకొన్న ఆకునకు ఈ హద్దు పరీక్షయు లేదు.

అయితే మూలికలను పారవేయవలెనా? అట్లని మేము చెప్పుట లేదు. జాగ్రత్తలు కొన్ని పాటించిన చాలును.

మొదటిది, చోటును విచారించుట. మూలికలమ్ము చెంచుమ్మను "అమ్మా, ఇది ఎచట త్రవ్వితివి?" అని ఆదరముగ నడుగుడు. తాను త్రవ్విన కొండ పేరు, వాగు పేరు ఆమె యెరుగును. అంగడి గోనెసంచిలో పది ఊళ్ల సరకు కలసిపోయిన పిమ్మట ఆ జ్ఞానము మాసిపోవును. చోటు చెప్పగల వారికి ఒక రూపాయి ఎక్కువ ఇచ్చుట నష్టము కాదు. అడవినెరిగిన వారికి అది బ్రతుకుదెరువు, మనకు రక్షణ. సీసాలలోను పొట్లములలోను కొనునపుడు తయారుచేసినవారి అనుమతి సంఖ్యయు చిరునామాయు ఉన్నవో లేవో చూడుడు.

రెండవది, మనమే కోయునపుడు బాటకు నూరు గజములైనను దూరముగ పోవుట; మురుగు కాలువ, గ్యారేజీ, చెత్తదిబ్బ, పాత రంగుగోడ దరినున్నదానిని ముట్టకుండుట.

మూడవది, కడుగుట. ఆకుపై దుమ్మును, వేరుకు అంటిన మన్నును నాలుగైదు నీళ్లతో కడిగినచో పైనున్న సీసము చాలవరకు పోవును. నన్నారి వేళ్లకు ఇది మరింత ముఖ్యము. వాని పగుళ్లలో మన్ను దాగియుండును. లోపల చేరినది మాత్రము కడిగినను, ఎండబెట్టినను, కాచినను నశింపదు. కషాయములోనికి ఆకులోని లోహము కొంత మాత్రమే దిగును, పిప్పి పారవేయుదుము. చూర్ణమైనచో అంతయు మ్రింగుదుము. ఈ భేదము గుర్తుంచుకొనదగినది.

నాలుగవది, పాత్ర. ఉసిరి, చింతవంటి పులుపు చేరినదానిని కళాయి పోయిన ఇత్తడిలో కాచరాదు. హిండాలియమను మిశ్రలోహపు వంటపాత్రలు కొన్ని సీసము విడుచుచున్నవని 2025లో అమెరికా ఆహార ఔషధ శాఖ హెచ్చరించినది. స్టీలు పాత్ర మేలు.

ఐదవది, పెరటి సాగు. తులసి, తిప్పతీగ, నేలవేము, సరస్వతి ఆకు కుండీలలో పెరుగును. పట్టణపు చెత్త ఎరువు కలుపక, శుభ్రమైన చేనిమట్టియు పశువుల ఎరువును వేసి, మంచినీరు పోసినచో మన మూలిక మన కన్నుల ముందే పెరుగును. మారెడు గడ్డవంటివి అడవిలో తరిగిపోవుచున్న యీ దినములలో ఇది అడవికిని మేలు.

ఆరవది, గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును, పసిబిడ్డలకును వైద్యుని అడుగక మూలికలు దీర్ఘకాలము ఇయ్యకుండుట. అనుమానము కలిగినచో రక్తములో సీసమెంతయో పరీక్షింపవచ్చును. ఇనుము, సున్నము సమృద్ధిగ నున్న ఆహారము - రాగులు, నువ్వులు, ఆకుకూరలు, పాలు, పెరుగు - తినువారికి సీసము తక్కువగ ఒంటబట్టును.

మహానంది ఊటనీరు నిర్మలమైనదని మనము మెచ్చుకొందుము. ఆ నీరు ఏ రాతి సందులలో నడచి వచ్చినదో దానిని బట్టి దానికా గుణము వచ్చినది. మూలికయు అంతే. దాని గుణములో సగము జాతిది, సగము మన్నుది. జాతిని గుర్తించు నేర్పు మన తల్లులు మనకిచ్చిరి. మన్నును విచారించు నేర్పు మన బిడ్డలకు మనము ఈయవలెను. ఇకమీద కషాయపు గిన్నె పొయ్యిమీద పెట్టుటకు ముందు ప్రతి గృహిణియు "ఇది ఎచటిది?" అని యొక మాట అడుగునుగాక యని మా కోరిక.